నాయనమ్మ ఎక్కిన పంకల విమానం

మా ఇంట్లో తాత కాలం నాటి రేకు పెట్టె ఒకటి ఉంది. పాత పహాణీ నకళ్లు, తాత లారీ ఆర్‌సీ పుస్తకం, నిజాం కాలపు ఉర్దూ రసీదు ఒకటి, మేనత్తల పెళ్లి పత్రికలు అందులో ఉంటాయి. అన్నిటికన్నా పైన రెండు బోర్డింగ్ పాసులు. ఒకటి నాందేడ్ నుంచి హైదరాబాద్‌కి, ఇంకోటి అటునుంచి ఇటు. 2018 నాటివి. అక్షరాలు దాదాపు ఎగిరిపోయాయి, వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే పేరు కనిపిస్తుంది. అది మా నాయనమ్మ పేరు. ఎనభై దాటాక ఆమె విమానమెక్కింది ఆ రెండుసార్లే.

ఆ విమానం ఇప్పుడు లేదు, నాయనమ్మా లేదు. పండక్కి వచ్చిన పిల్లలు పెట్టె తెరిచి "ఈ ఫ్లైట్ ఇప్పుడెందుకు లేదు?" అని అడిగారు. ఎవరికి తోచిన జవాబు వాళ్లం చెప్పాం, ఏదీ సరిగా లేదు. అందుకే ఇంట్లో అందరం కూర్చుని గుర్తుచేసుకున్నవి, తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

దూరాన ఉన్న మనవాళ్ల కోసం ముందు మా ఊరి సంగతి. గోకుంద కిన్వట్‌ను ఆనుకునే ఉంటుంది, జిల్లా నాందేడ్, రాష్ట్రం మహారాష్ట్ర. మేము ఇక్కడికి వలస వచ్చామని చాలామంది అనుకుంటారు. నిజానికి మా వాళ్లు ఎక్కడికీ పోలేదు. కిన్వట్ తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు కిన్వట్‌ను, రాజురాను నాందేడ్‌లో కలిపారు, రాజురా తర్వాత చాందా జిల్లాకు పోయింది. తాత రాత్రి తెలుగు జిల్లాలో పడుకుని పొద్దున మరాఠీ జిల్లాలో లేచాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం. బడి మరాఠీకి మారింది, కచేరీ కాగితాలు మరాఠీకి మారాయి. పెళ్లి సంబంధాలు, పెద్ద దవాఖాన, పిల్లల ఉద్యోగాలు మాత్రం హైదరాబాద్ వైపే ఉండిపోయాయి.

హైదరాబాద్ రాష్ట్రానికి ఒకప్పుడు సొంత విమాన కంపెనీ కూడా ఉండేది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేది. 1953లో దేశంలోని విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తాత ఆ డకోటాలను ఆకాశంలో చూశానని చెప్పేవాడు, ఎక్కలేదు. మాకు విమానమంటే పైనుంచి పోయేదే.

2017 ఏప్రిల్ 27న ఆ మాట మారింది. ఉడాన్ పథకం కింద మొదటి విమానాలను ప్రధానమంత్రి సిమ్లాలో జెండా ఊపి మొదలుపెట్టారు. సిమ్లా–ఢిల్లీ ఒకటి, కడప–హైదరాబాద్ ఒకటి, మూడోది మన నాందేడ్–హైదరాబాద్. తర్వాతి రెండూ హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్‌వి. టర్బో మేఘా ఎయిర్‌వేస్ అనేది దాని అసలు పేరు, 2015 జూలై 12న విమానాలు మొదలుపెట్టింది. సినిమా హీరో రామ్‌చరణ్ ప్రచారం చేసేవాడు కాబట్టి మా పిల్లలకు అది "రామ్‌చరణ్ విమానం". అప్పటి ఉడాన్ నియమం ప్రకారం సుమారు గంట ప్రయాణానికి, విమానంలో సగం సీట్ల దాకా 2,500 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఆ అంకె విన్నాకే బాపు మొదటిసారి విమానం సంగతి ఇంట్లో ఎత్తాడు.

ఎత్తాడు గానీ, లెక్క కూడా వెంటనే వేశాడు. గోకుంద నుంచి హిమాయత్‌నగర్, భోకర్ మీదుగా నాందేడ్‌కు జీపులో మూడు గంటలు పైనే. ముందుగా చేరి కూర్చోవడానికి ఇంకో గంటన్నర. గాల్లో గంట. శంషాబాద్‌లో దిగాక ఊళ్లోకి ఇంకో గంట.

"కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఏం తక్కువ చేసింది? రాత్రి కిన్వట్ల ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్ల దిగుతం. పండుకొని పోతం. దీనికి జీపు కిరాయి వేరే!" అన్నాడు.

లెక్క తప్పు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి రాత్రి రైలే మేలు. ఆ లెక్కలో లేనిది నాయనమ్మ మోకాళ్లు. పై బెర్తు సంగతి అటుంచి, ఊగే బోగీలో రాత్రి లేచి బాత్‌రూమ్‌కు పోవడమే ఆమెకు భయం. అంతకుముందు ఏడాది రైల్లో తూలి పడబోయి తలుపు పట్టుకుని నిలబడింది. అప్పటినుంచి కంటి ఆపరేషన్‌ను ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేస్తూ వచ్చింది. ఈసారి అమ్మ గట్టిగా పట్టుబట్టింది, బాపు టికెట్లు తీయించాడు.

ఆ రోజు సంగతి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అందరూ ఒప్పుకునేది విమానం చిన్నది అన్న మాటే. డెబ్బై సీట్ల ఏటీఆర్ 72. ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు కలిసి తులూజ్‌లో తయారుచేసేది. మామూలు విమానంలో ముందు తలుపు నుంచి ఎక్కుతాం, ఇందులో వెనుక నుంచి ఎక్కాలి. ముందు భాగం సామాన్లకు. తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. నాయనమ్మ ఆ మెట్లు లెక్కపెట్టి "మన అరుగు మెట్లంతే ఉన్నయి గదా" అంది. ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కింది.

రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి కింద నేల అంతా కనిపిస్తుంది. రెక్క కింద ఇంజన్‌కు ఆరు రేకుల పంక. అది తిరగడం మొదలవగానే నాయనమ్మ బాపు చెయ్యి పట్టుకుని "పంక ఆగితే ఏం గావాలె?" అని అడిగింది. వెనుక సీటాయన నవ్వుతూ "రెండున్నయి అమ్మా" అన్నాడు. గోదారి కనిపించింది, కాసేపటికి మంజీర కనిపించింది. చాయ్ తాగినంత సేపట్లో దిగిపోయామని ఆమె తర్వాత ఊరంతా చెప్పుకుంది. ఆపరేషన్ అయ్యాక నల్లద్దాలు పెట్టుకుని అదే విమానంలో వచ్చింది. నాందేడ్‌లో దిగినప్పుడు, రెండో కన్ను ఆపరేషన్ కూడా చేయించుకుంటానని తనంతట తనే అంది.

మా ఇంటికి ఆ విమానం చేసిన అసలు మేలు ఇంకోటి ఉంది. అప్పటికి కొన్నేళ్లుగా ఇంట్లో ఒక చర్చ నడుస్తుండేది. ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. గోకుంద ఇల్లు కిరాయికిచ్చి పెద్దవాళ్లను అక్కడికి తీసుకుపోవాలా వద్దా అని. పిల్లలు రమ్మంటారు, బాపు రానంటాడు, నాయనమ్మ ఆ మాట వస్తే లేచి వంటింట్లోకి పోతుంది. 2018 తర్వాత ఆ చర్చ దానంతట అదే ఆగింది. "అవసరం పడితే గంటల పోతం" అనేవాడు బాపు. నిజానికి గంటలో పోలేమని ఆయనకూ తెలుసు, లెక్క వేసింది ఆయనే. కానీ ఆ మాట ఆయనకు కావలసి వచ్చింది.

2022 ఫిబ్రవరి మొదట్లో ట్రూజెట్ విమానాలన్నీ ఆగిపోయాయి.

విమానాలు పాతబడ్డాయి కాబట్టి ఆగాయని మేము మొదట అనుకున్నాం. అవి ఎక్కువగా ఏటీఆర్ 72లో 500 రకానివి, 1990ల చివర్లో వచ్చిన నమూనా. కానీ పాతబడటం గురించి మా తాత లారీ మాకు వేరే పాఠం నేర్పింది. తాత దగ్గర టాటా 1210 ఉండేది, అడవి డిపో నుంచి టేకు దుంగలు తోలేది. దాని ఇంజన్ మూడుసార్లు విప్పారు, కట్టెబాడీ రెండుసార్లు మార్చారు. "లారీ వయసు ఆర్‌సీల ఉండదు, మిస్త్రీ చేతిల ఉంటది" అనేవాడు తాత. విమానమూ అంతే. దాని వయసును ఏళ్లలో కన్నా ఎన్నిసార్లు లేచి దిగింది, ఎన్ని గంటలు ఎగిరింది అన్న లెక్కలో చూస్తారు. ఇన్ని గంటలకు ఈ తనిఖీ, ఇన్ని దిగడాలకు ఈ భాగం మార్చాలి అని రాసి ఉంటుంది. అవి సరిగ్గా చేస్తే ఏటీఆర్ ఇరవై, ముప్పై ఏళ్లు నిక్షేపంగా ఎగురుతుంది.

చిక్కు అక్కడే. మనలాంటి దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానం రోజుకు ఆరేడుసార్లు లేచి దిగుతుంది. దూరాలు పోయే పెద్ద విమానం రెండు మూడుసార్లు. అందుకే చిన్న విమానానికి తనిఖీ తొందరగా వస్తుంది, ఆ ఖర్చును పంచుకోవడానికి ఉన్నవి డెబ్బై సీట్లే, అందులో సగానికి టికెట్ ధర కట్టడి. పాతబడే కొద్దీ మిస్త్రీ ఖర్చు పెరుగుతుంది, టికెట్ పెరగదు. పైగా ఇలాంటి కంపెనీల విమానాలు చాలావరకు కిరాయివి. ఎగిరినా ఎగరకపోయినా కిరాయి కట్టాలి. తాత లారీ వానాకాలం నాలుగు నెలలు వాకిట్లో నిలబడినా ఎవరూ వచ్చి తోలుకుపోలేదు, అది సొంతం కాబట్టి. కిరాయి విమానం నిలబడితే దాని యజమాని వచ్చి తీసుకుపోతాడు. కరోనాలో దేశమంతా విమానాలు నెలల తరబడి నిలబడ్డాయి.

ఇంకో సంగతి ఉడాన్‌లోనే ఉంది. తక్కువ టికెట్ వల్ల కంపెనీకి వచ్చే నష్టాన్ని ప్రభుత్వం పూడ్చేది మూడేళ్లే. ఆ తర్వాత దారి తన కాళ్ల మీద తను నిలబడాలి. 2017 ఏప్రిల్‌లో మొదలైన మన దారికి ఆ మూడేళ్లు నిండింది సరిగ్గా 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో. మన ఒక్క ఊరి కథే కాదు ఇది. 2023లో వచ్చిన కాగ్ నివేదిక చూశాం. మొదటి మూడు విడతల్లో 774 దారులు ఇస్తే మొదలైనవి 371. మూడేళ్లూ పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి నిలిచి ఉన్నవి 54. ఆ వరుస చదివాక మా దారి ఆగిందన్న ఆశ్చర్యం పోయి, అన్నేళ్లు నడిచిందన్న ఆశ్చర్యం మిగిలింది.

అయితే అదే రోజు, అదే కంపెనీ చేతుల మీదుగా మొదలైన కడప దారి సంగతి చూడండి. ట్రూజెట్ ఆగిన రెండు నెలల లోపే, 2022 మార్చి చివర్లో ఇండిగో ఏటీఆర్‌లతో కడపకు విమానాలు మొదలుపెట్టింది. నష్టం పూడ్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సొమ్ము ఇవ్వడానికి ముందుకొచ్చింది. కడప తమ ఊరు కాబట్టి తమ దారి అనుకున్నారు. నాందేడ్–హైదరాబాద్ ఎవరి దారి? మహారాష్ట్రకు నాందేడ్ నుంచి ముఖ్యమైన దారి ముంబయికి, పుణెకు. తెలంగాణకు ముఖ్యమైనవి వరంగల్, ఆదిలాబాద్. సరిహద్దు దాటే దారి ఇద్దరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. ఉడాన్ సొమ్ములో కూడా ఎక్కువ భాగం కేంద్రానిదే అయినా రాష్ట్రం వాటా 20 శాతం ఉంటుంది, అంటే ఏ దారి కావాలో రాష్ట్రానికి పట్టాలి. 1956లో మా తాలూకాకు జరిగిందే మా విమానానికీ జరిగిందని బాపు అన్నాడు. ఆ మాటకు ఎవరం ఎదురు చెప్పలేదు.

2022 వానాకాలంలో నాయనమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా హైదరాబాద్‌కు అంబులెన్స్‌లో తీసుకుపోయాం. 300 కిలోమీటర్ల పైనే, గుంత వచ్చినప్పుడల్లా ఆమె మూలిగింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రోజు ఏటీఆర్ ఉన్నా ఆమెకు పనికొచ్చేది కాదు. పడుకోబెట్టి తీసుకుపోవలసిన మనిషిని ఆ సీట్లలో ఎక్కడ కూర్చోబెడతాం? ఆ నొప్పికి విమానం లేకపోవడం కారణం కాదు.

లేకపోవడం తెలిసింది తర్వాత. ఆపరేషన్ అయింది, రెండు నెలలకు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయసాగింది. గంటసేపు కుర్చీలో కూర్చోగలదు. రైలు వద్దన్నారు, అంత దూరం కారు వద్దన్నారు. గంట కూర్చుని పోగలిగిన మనిషికి సరిపోయే బండి ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది ఆరు నెలల కిందటే ఆగిపోయింది. నాయనమ్మకు ఆ సంగతి చెప్పలేదు. "టికెట్లు దొరుకుత లేవు" అన్నాం. పండగలప్పుడు రైలు టికెట్ దొరకనట్టే ఇదీ అనుకుని ఊరుకుంది. కొన్నాళ్లకు "ఆ చిన్న విమానం ఇంక ఖాళీ కాలేదా?" అని అడిగేది. "పంకలదే తియ్యిన్రి, అది మెట్లు తక్కువ" అనేది.

2024 సంక్రాంతి వెళ్లాక హైదరాబాద్‌లోనే పోయింది. గోకుంద ఇంటికి తీసుకొచ్చాం, రోడ్డు మీదుగానే. అబద్ధం చెప్పామన్న బరువు మా అందరి మీదా ఉంది.

ఆ మార్చి 31న నాందేడ్‌కు మళ్లీ విమానం వచ్చింది. స్టార్ ఎయిర్ వాళ్లు పంజాబ్‌లోని ఆదంపూర్, ఢిల్లీ పక్కన హిండన్, నాందేడ్, బెంగళూరు కలుపుతూ మొదలుపెట్టారు. హజూర్ సాహిబ్ దర్శనానికి వచ్చే సిక్కు యాత్రికులకు అది పెద్ద మేలు. 76 సీట్ల ఎంబ్రాయర్ 175, పంకలది కాదు, జెట్. పక్కింటివాళ్లు వచ్చి చెబితే బాపు "మంచిదే" అని ఊరుకున్నాడు.

ఇక పంకల విమానాల సంగతి ఏమవుతుంది? పిల్లల కోసం మాకు తెలిసినంత రాస్తున్నాం. ఈ సైజులో పోటీగా ఉండిన కెనడా వాళ్ల క్యూ400 తయారీ 2021లో ఆగింది. స్పైస్‌జెట్ 2011లో హైదరాబాద్ కేంద్రంగా తిప్పింది ఆ విమానాలనే. ఇప్పుడు కొత్తది కావాలంటే దాదాపు అందరూ తులూజ్ తలుపే తట్టాలి. మన దేశంలో ఎక్కువ ఏటీఆర్‌లు ఇండిగో దగ్గర ఉన్నాయి. 2017 డిసెంబర్‌లో మొదలుపెట్టింది కాబట్టి అవి ఇంకా వయసులో ఉన్నవే. ప్రభుత్వం చేతిలో మిగిలిన అలయన్స్ ఎయిర్ 2022లో ఎయిరిండియా టాటాలకు పోయినప్పుడు వెంట పోలేదు. దాని ఏటీఆర్‌లలో మొదట వచ్చినవి పదేళ్లు దాటాయి. మన శాస్త్రవేత్తలు చేసిన సరస్ 2004లోనే ఎగిరింది, కానీ ప్రయాణికులను ఎక్కించుకునే దాకా రాలేదు. 70, 90 సీట్ల సొంత విమానం మాట ఇంకా కాగితం మీదే.

అంటే పాతవి పాతబడుతుంటాయి, వాటి చోటికి వచ్చేవి తక్కువ, వచ్చినవి ముందుగా జనం ఎక్కువున్న దారికే పోతాయి. 250 కిలోమీటర్లు కూడా లేని దూరానికి జెట్ మహా అయితే పది, పదిహేను నిమిషాలు మిగులుస్తుంది, నూనె మాత్రం బాగా తాగుతుంది. ఇలాంటి దారికి సరైనది పంకలదే. అది లేకపోతే దారి ఉండదు. 2025 బడ్జెట్‌లో ఉడాన్‌ను మార్చి మరో 120 చోట్లకు తీసుకుపోతామన్నారు. అదే ఏడాది ఆదిలాబాద్ పాత ఎయిర్‌స్ట్రిప్‌ను పౌర విమానాలకూ వాడుకోవడానికి వాయుసేన ఒప్పుకుంది. మాకు నాందేడ్ కన్నా ఆదిలాబాదే దగ్గర. కానీ రన్‌వే వేయడం ఒకటి, దాని మీద పదేళ్లు ఆగకుండా దిగే విమానం ఉండటం ఇంకోటి. నాందేడ్‌లో రన్‌వే ఎప్పుడూ ఉంది.

మూడేళ్ల సొమ్ము అయిపోయాక నాలుగో ఏడు ఎవరు చూస్తారు, విమానం పెద్ద తనిఖీకి పోతే దాని బదులు ఏది వస్తుంది అని మొదటి రోజే అడగాలని మాకు ఇప్పుడు తెలిసింది. సరిహద్దు ఊళ్ల వాళ్లం, బీదర్ వైపు ఉన్నా, బళ్లారి వైపు ఉన్నా, రాజురాలో ఉన్నా, మన ప్రజాప్రతినిధులకు రాసేటప్పుడు విమానం కావాలని మాత్రమే రాయొద్దు. రెండు రాష్ట్రాలూ వాటా పెట్టుకునే దారి కావాలని రాద్దాం.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. పిల్లలు మళ్లీ రమ్మంటున్నారు. బాపుకు డెబ్బై నిండాయి, మోకాళ్లు వాళ్లమ్మవే వచ్చాయి. మొన్న ఆదిలాబాద్ వార్త పేపర్‌లో చూసి, కత్తిరించి రేకు పెట్టెలో పెట్టాడు. "అది వచ్చినంక చూద్దాం" అన్నాడు. ఈసారి లెక్క వేయలేదు.

బోర్డింగ్ పాసుల అక్షరాలు పూర్తిగా పోకముందే ఫొటో తీసి పెట్టుకున్నాం. ఆ దారిలో ఎక్కిన మనవాళ్లు ఇంకెవరైనా ఉంటే, మీ దగ్గరి కాగితాలు కూడా వెలుతురు తగలకుండా దాచండి. ఆ రకం కాగితం మీద అక్షరాలు ఎక్కువ రోజులు నిలవవు.